పెద్దమ్మ నాలుక

మా క్యాంటీన్‌లో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. మేనేజరుగారి దగ్గర్నుంచి అంట్లు తోమే మనిషి దాకా అందరికీ పెద్దమ్మే. ఇరవై ఏళ్ళ వయసులో అంట్లు తోమడానికే చేరిందట. తర్వాత కూరగాయలు తరిగింది, ఆ తర్వాత పొయ్యి దగ్గరికి వచ్చింది. నేను చేరేనాటికి ఆవిడ పని ఒక్కటే, బయటికి వెళ్ళే ప్రతి గిన్నెలోనూ చెంచా ముంచి రుచి చూడటం. ఒక్కటే అన్నానని చిన్న పని అనుకునేరు. నాలుగు వందల మంది ఉద్యోగుల భోజనం ఆవిడ సరే అంటేనే గడప దాటేది.

ఆ నాలుకని మోసం చెయ్యడం ఎవరి తరమూ కాలేదు. అడుగంటిన కూరని పైపైన తీసి వేరే గిన్నెలో పోసి తెచ్చినా ఇట్టే పట్టేసేది. "మాడబెట్టి నా దగ్గరే వేషాలా, మిరపకాయా?" అనేది. మిరపకాయ అంటే నేనే. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. చేరిన నెలలోనే ఇద్దరితో తగువు పెట్టుకున్నాను. ఇంకెక్కడైనా అయితే ఆ పూటే పొమ్మనేవారు. పెద్దమ్మ నన్ను తన పక్కన నిలబెట్టుకుని, కత్తి పట్టడం నుంచి మంట తగ్గించడం దాకా అన్నీ నేర్పింది. నాకింత పని వచ్చిందంటే ఆవిడ చలవే.

ఆవిడ పెట్టిన కట్టుబాటు ఒకటుంది. రుచి చూసి సరే అన్నాక గిన్నె మీద మూత తిరగేసి పెట్టేది. మూత తిరగబడిందంటే ఇంక ఆ గిన్నెలో ఎవరూ చిటికెడు ఉప్పు కూడా వెయ్యకూడదు. ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ వెయ్యలేదు.

మొన్న ఎండాకాలం ఆఫీసుకి పెద్ద అధికారులు వస్తున్నారని మేనేజరుగారు ఒక కాగితం పట్టుకొచ్చారు. అది ఇటలీ పద్ధతిలో కూరగాయల వంటకం. వంకాయ, కీరాదోసలా ఉండే జుకినీ, టమాటా, వెల్లుల్లి, ఆలివ్ నూనె, చివర్లో తులసిలాంటి బేసిల్ ఆకు, అంతే. కారం లేదు, మసాలా లేదు. "ఇదేంటి సార్, జ్వరం వచ్చినవాళ్ళకా?" అన్నాను. అంత సులువైతే నువ్వే చెయ్యి అని నాకే అప్పజెప్పారు. నాకు గీర నెత్తికెక్కింది.

జుకినీ, వంకాయ చక్రాల్లా తరిగి, ఉప్పు చల్లి అరగంట జల్లెడలో ఉంచాను. నీరంతా ఓడింది. కడిగి, గుడ్డతో అద్ది, కొన్ని కొన్నిగా నూనెలో వేయించి తీశాను. అన్నీ ఒక్కసారే కుమ్మరిస్తే వేగవు, ఉడికి ముద్దయిపోతాయి. అదే నూనెలో సన్నమంట మీద వెల్లుల్లి వేసి, రంగు మారకముందే టమాటా ముక్కలు, సరిపడా ఉప్పు వేశాను. టమాటా మగ్గి నూనె తేలాక వేయించిన ముక్కలు కలిపాను. పెద్దమ్మ చెంచా ముంచి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఎంత కమ్మగా ఉందే! ఉప్పు అతికినట్టు కుదిరింది. ఇంక దాని జోలికి పోకు" అని మూత తిరగేసి, పక్క పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

ఆ వంటకం వేడివేడిగా కాదు, గోరువెచ్చగా పెట్టాలట. కాస్త ఆరాక బేసిల్ తుంచి వెయ్యడానికి మూత తీశాను. కాగితంలో చివరి వరుస కంటబడింది: 'ఆఖరున తగినంత ఉప్పు.' తగినంత ఉందని పెద్దమ్మ చెప్పనే చెప్పింది. కానీ ఇటలీ వంట గురించి పెద్దమ్మకేం తెలుసు అనిపించింది. అదీ నా పైత్యం. గుప్పెడు ఉప్పు వేసి కలిపేశాను. రుచి కూడా చూడలేదు, ఎన్నడూ నేను చూసి ఎరగను కాబట్టి.

పళ్ళేలన్నీ ఎలా వెళ్ళాయో అలాగే వెనక్కి వచ్చాయి. వెనకాలే మేనేజరుగారు వచ్చారు. "దీన్ని రుచి చూసిందెవరు?"

"నేనే బాబూ. నాకు సరిగ్గానే అనిపించింది" అంది పెద్దమ్మ.

నోరు విప్పాల్సిన సమయం అదే. విప్పాను. "ఈమధ్య పెద్దమ్మకి ఉప్పు సరిగ్గా తెలియడం లేదు సార్. వయసు కదా" అన్నాను.

నన్ను ఎవరూ అడగలేదు. అయినా నా తప్పు బయటపడకుండా ఉండాలని ఆ మాట అనేశాను. ఆవిడ నావైపు కోపంగా చూసినా బాగుండేది. చూడలేదు. గిన్నె దగ్గరికి వెళ్ళి ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. "ఇప్పుడు తెలుస్తోందే! ఇందాక ఎందుకు తెలియలేదు?" అని తనలో తనే అనుకుంది. ఎవరైనా తర్వాత ఉప్పు వేశారేమో అన్న అనుమానమే రాలేదు ఆ మనిషికి. తన చెంచా కడిగి తుడిచి నా చేతిలో పెట్టింది. నేను సిగ్గు లేకుండా తీసుకున్నాను.

మర్నాటి నుంచి పెద్దమ్మ మళ్ళీ కూరగాయల బల్ల దగ్గర కూర్చుంది. ఎవరైనా ఉప్పు చూడమంటే, "ఒకసారి తెలిసి ఒకసారి తెలియని నాలుక, దాన్ని నమ్మి నలుగురికి ఎలా పెట్టమంటారు?" అనేది. డాక్టరుకి చూపించుకుంది. ఆయన ఏ లోపమూ లేదన్నాడు. "ఆ పూట ఆయన మా క్యాంటీన్‌లో తిన్నాడా ఏమన్నా?" అని కొట్టిపారేసింది. ఇంట్లో కూడా వంట మానేసిందని, అన్నీ తననే చూడమంటోందని ఆవిడ కూతురు చెప్పింది. పై నెల నుంచి పనికే రానని మేనేజరుగారికి చెప్పిన రోజున నాకు ముద్ద దిగలేదు.

ఆదివారం పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. మూడో అంతస్తులో రెండు గదులు. కూతురు కిటికీ దగ్గర మిషను కుడుతోంది. పెద్దమ్మ మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది. నిలబడే చెప్పేశాను. మూత తీసింది నేను, ఉప్పు వేసింది నేను, తప్పు నీ మీదికి నెట్టింది నేను, నీ నాలుకకి ఏమీ కాలేదు పెద్దమ్మా అని. తిడుతుందనుకున్నాను. కొట్టినా సరేననుకున్నాను.

పెద్దమ్మ చేతిలో చీర పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నేను పని మానేస్తున్నానని ఇంత కథ అల్లుకొచ్చావా, పిచ్చిపిల్లా!" అంది.

"కథ కాదు, నిజం. ఒట్టు" అన్నాను.

"ఊరుకో, ఒట్లెందుకే?" అని పైట చెంగుతో నా మొహం తుడిచింది. కూతురు మిషను ఆపి, "చూశావా అమ్మా, నీ కోసం ఆ నింద కూడా నెత్తిన వేసుకుంటోంది" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు. నేను మళ్ళీ చెప్పాను. ఉప్పు ఏ డబ్బాలోంచి తీశానో చెప్పాను, ఏ గరిటెతో కలిపానో చెప్పాను. చెప్పినకొద్దీ ఇద్దరూ నన్ను ఇంకా జాలిగా చూశారు.

"నా నాలుక చెడిందంటే నమ్ముతాను. ముసలిదాన్ని, చెడకేం చేస్తుంది? నువ్వు అలాంటి పని చేశావంటే మాత్రం నమ్మనే. నేను పెంచిన చెయ్యి అది" అంది పెద్దమ్మ.