ఖరగ్‌పూర్ ప్రయాణం: అక్క పాదాల దాకా చేరని సరుకు

"ఇంజెక్షన్లు మానేస్తాను తమ్ముడూ" అని అక్క ఖరగ్‌పూర్ నుంచి ఫోన్ చేసిన రాత్రే విజయనగరంలో హౌరా మెయిలెక్కాను. తొంభైల నాటి మాట. అక్కకు రక్త క్యాన్సర్. మందు బాగా పనిచేస్తోందని డాక్టరు చెప్పి నెల కూడా కాలేదు. రాత్రి ఎక్కితే పొద్దెక్కాక దిగుతాం. గోల్‌బజార్ వెనక రైల్వే క్వార్టర్లకు రిక్షా ఎనిమిది రూపాయలు. తొందరగా పొమ్మంటే, "అందరికీ జల్దీయే దాదా, ఆ ఫాటక్‌కి సెప్పండి" అని మూసిన రైలు గేటు చూపించాడు రిక్షావాడు.

అక్క మంచం మీద ఉంది. రెండు అరికాళ్లూ బొబ్బలు. నాకు ఒళ్లు మండింది.

"ఏటొదినా ఇది?" అన్నాను, బావగారి అక్కతో.

"తిమ్మిరని ఇటికిరాయి కాల్సి కాపడం ఎట్టినాను. సుర్రుమంటే సెప్పాలి కదా, ఉలకదు పలకదు!"

"సుర్రుమంటే కదొదినా సెప్పడానికి!" అని అక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కాలేజీలో బయాలజీ పుస్తకాల్లో చదువుకున్నది నాకు గుర్తొచ్చింది. నడుము దగ్గర మొదలై కాలివేలి దాకా సాగే నరపు పోగు ఒక్క కణంలోదే. దాని లోపల సన్నని గొట్టాలుంటాయి. వాటి మీద మోటారు ప్రోటీన్లు అడుగులు వేస్తూ నరానికి కావలసిన సరుకును చివరిదాకా మోస్తాయి. క్యాన్సర్ కణం రెండుగా చీలాలన్నా అలాంటి గొట్టాలే కావాలి. అందుకే అక్కకిచ్చే మందు వాటిని కట్టుకోనివ్వదు. దాంతో నరాల్లోని దారీ చెడుతుంది. మోసేవి ఉన్నా నడిచే దారి ఉండదు. అందరికన్నా దూరాన ఉన్న పాదాలకే ముందు కరువు.

మధ్యాహ్నం ఆటోలో ఇందా అనే పేట మీదుగా ఆసుపత్రికి తీసుకెళ్లి, ఈ తిమ్మిరి మందు వల్లనా అని అడిగాను. "హాఁ, మందు వల్లే. మెల్లగా తగ్గొచ్చు," అన్నాడు డాక్టరు హిందీలో.

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు."

"తిమ్మిరని మూడుసార్లు సెప్పినాను బాబూ," అంది అక్క, తనకొచ్చిన హిందీలోనే. "వీక్‌నెస్ అని గుడ్లు తినమన్నారు."

ఆయన కలం పక్కన పెట్టి, మొదటిసారి ఆమె పాదాలను దూదితో తాకి చూశాడు. మందు మోతాదు తగ్గించి రాశాడు. బయటికొచ్చాక అక్క అంది: "రోగం కాళ్లలోకి దిగిపోయింది, ఇక దండగనుకున్నానురా. మందు వల్లని తెలిస్తే ఓర్సుకోనా?" మర్నాడు ఇంజెక్షన్ వేయించుకుంది.

మందు పెట్టిన కష్టాన్ని క్షమించగలను. అది ప్రాణం కోసం పోరాడుతూ పెట్టింది. ఒక్క మాట చెప్పకపోవడం వల్ల ఒక మనిషి ప్రాణం మీద ఆశ వదులుకోబోయింది. దాన్ని ఈనాటికీ క్షమించలేదు. వైద్యానికి అటు వెళ్లేవారికి నేను చెప్పేది ఇదే: తిమ్మిరి వస్తే కాపడం పెట్టకండి, మీ అంతట మీరు మందు ఆపకండి. "ఇది మందు వల్లనా?" అని అడగండి. జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.