తాడు వద్దంది

ఉదయం ఆరుంపావుకి యానాం రేవులో దిగాను. ఫిబ్రవరి నెల. నది మీద మంచు. సైన్యంలో నేను డైవర్‌ని, మునిగినవాటిని పదహారేళ్లు పైకి తీసినవాణ్ణి. ఈసారి వేసిన డ్యూటీ వేరు. గోదావరి అడుగున బురదలో పాత ఓడ ఒకటి ఉంది. ఇరవై రోజులు పురావస్తు బృందం కోసం మునగాలి.

బృందాన్ని నడిపే మేడమ్ మొదటిరోజే చెప్పేసింది. చూడాలి, కొలవాలి, ఏదీ ఎత్తకూడదు. చెక్క ఎక్కడ, ఎలా పడి ఉందో అదే సాక్ష్యమట. కదిపితే మిగిలేది వంటచెరుకేనట. నాకు ఒళ్లు మండింది. ఎత్తకపోతే నేనెందుకు?

సముద్రపు పోటుకీ పాటుకీ మధ్య నీరు నిలిచే నలభై నిమిషాలే మా పని. ఎనిమిది మీటర్ల లోతు. కళ్ల ముందు చెయ్యి పెట్టినా కనబడదు. ముడులు వేసిన తాడు వెంట తడుముకుంటూ కొలతలు మాస్కులోని ఫోనులో పైకి చెప్పేవాణ్ణి. పైన మేడమ్ బొమ్మ గీసేది. నా నడుముకు కట్టిన తాడు పక్కనున్న అడవిపొలం ఊరి పడవాయన చేతిలో ఉండేది. అరవై ఏళ్ల మనిషి, చేపల వేటలో పండినవాడు. మాట తక్కువ.

తొమ్మిదోరోజు తెగిన వల ఒకటి నా సిలిండర్‌కి చుట్టుకుంది. పైన పడవ జరిగి తాడు బిగుస్తోంది. ఫోనులో "ఆగు" అన్నాను. పైవాళ్లకి "లాగు" అని వినబడింది. లాగారు. వల మెడ దాకా వచ్చింది. ఓడ చెక్క కూడా కదిలింది. "ఆగు, ఆగు" అని అరిచాను. ఇంకోసారి లాగారు. నిజం చెప్పాలంటే, ప్రాణం మీద ఆశ వదులుకున్నాను.

అంతలో తాడు వదులైంది. కత్తితో వల కోసుకుని బయటపడటానికి నాలుగు నిమిషాలు పట్టింది.

పైకొచ్చేసరికి మేడమ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. లాగమని ఆవిడ అరుస్తూనే ఉందట, రెండుసార్లు లాగాక పడవాయనే మాట వినలేదట. ఎందుకు వదిలావని పడవాయన్ని అడిగాను.

"ఆయ్, మీరు లాగమన్నారండి. తాడు వద్దందండి. తగులుకున్న వలని ఎవరన్నా లాగుతారేటండి?"

కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాను. ఆరోజు పీల్చినంత తియ్యటి గాలి మళ్లీ పీల్చలేదు.

మర్నాటి నుంచి "ఆగు" రద్దు, "నిలు" అమలు. ఓడ బొమ్మ పూర్తయింది. కదిలిన చెక్కని కదిలినట్టే గుర్తు పెట్టాం. ఒక్క ముక్కా ఎత్తలేదు, అంతటినీ ఇసుక బస్తాలతో కప్పి యూనిట్‌కి తిరిగి వెళ్లిపోయాను. మేడమ్ మీద కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.

ఇప్పుడు రిటైరయ్యాను. ఆటోవాడితో కూడా "నిలు" అంటాను, వింతగా చూస్తాడు. ఆ ఓడ నుంచి ఏం తెచ్చావని మా వీధివాళ్లు అడిగితే ఏమీ లేదంటాను. నీళ్లలోంచి తల ఎత్తగానే కనబడిందొకటే నాతో వచ్చింది. పడవాయన తెరిచిన రెండు అరచేతులు, వాటి మీద వదులుగా నా తాడు.