మెల్లగా వేసిన డిక్కీ

ఆ వానాకాలం మా ఇంట్లో కింద కూర్చోలేని మనిషి ఒకరు, కూర్చుంటే లేవని బండి ఒకటి ఉండేవి. మనిషి నా భార్య. ఉస్మాన్‌గంజ్‌కు ఎండుమిరపకాయల కోసం వెళ్లి, తడిసిన గోనెసంచి మీద కాలు జారి మోకాలి చిప్ప పగలగొట్టుకుంది. బండి మా ఇరవై ఏళ్ల కారు. మా ఊళ్లో బ్యాటరీ చచ్చిపోదు, కూర్చుంటుంది. మాది సోమవారం పొద్దున కూర్చునేది.

కట్టు విప్పాక డాక్టరు ఒక మాట అన్నాడు. "ఈ రెండు నెలల్లో ఎంత వంగితే అంతే. తర్వాత నేను కూడా ఏం చేయలేను." మోకాలు వంచే వ్యాయామం బషీర్‌బాగ్‌లో, సోమవారమూ గురువారమూ, పొద్దున ఎనిమిదిన్నరకు. చాచిన కాలు ఆటోలో పట్టదు. మా కారు ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపితే పడుతుంది. ఆమె కోరిక పెద్దదేం కాదు. మునుపటిలా పీట మీద కూర్చుని దేవుడి దగ్గర దీపం పెట్టుకోవాలి, అంతే. "కుర్చీల కూసొని దీపం పెడ్తే దేవునికి హాజరు పలికినట్టుంటది" అనేది.

మొదటి సోమవారం తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు వచ్చి ఊరుకుంది. ఫోన్‌లో క్యాబ్ పిలిస్తే, మా నాంపల్లి గల్లీలోకి రాలేమని ఇద్దరు రద్దు చేశారు. మూడో ఆయన వచ్చేసరికి తొమ్మిదిన్నర. అక్కడ మా వంతు అయిపోయింది. ఆమె కట్టుకున్న మంచి చీర మార్చుకోకుండా అలాగే మంచం మీద కూర్చుంది.

స్టేషన్ ఎదుటి సందులో బండ్ల కరెంటు పని చేసే ఆయన ఒకరున్నారు. అందరం భాయ్ అంటాం. నేను స్కూటర్ నడిపిన రోజుల నుంచి, అంటే ముప్పై ఏళ్లుగా, నా బండ్లన్నీ ఆయన చేతిలోనే పెరిగాయి. పదింటికి షాపు తెరిచి, మా ఇంటికొచ్చి, వేరే బ్యాటరీ తగిలించి బండి లేపాడు. "డైనమో మంచిగనే ఉంది సార్. బ్యాటరీకే వయసైంది" అన్నాడు. కొత్తది వేశాడు. గురువారం బండి చక్కగా కదిలింది. మా ఆవిడ కాలు కూడా ఆ రోజు కాస్త వంగింది. తిరిగొస్తూ దారంతా పాత పాటలు పాడుకుంది.

మళ్లీ సోమవారం, మళ్లీ టక్కు.

నా కోపం సంగతి మా బడిలో తండ్రులకూ తెలుసు, కొడుకులకూ తెలుసు. ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పినవాణ్ణి. తిట్టడానికి మాటలు వెతుక్కోనక్కర్లేదు. నేరుగా షాపుకు వెళ్లాను. నలుగురు చాయ్ తాగుతూ నిలబడి ఉన్నారు. "కొత్తదని చెప్పి పాతది అంటగట్టినవా భాయ్?" అన్నాను, అందరూ వినేలా.

భాయ్ చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "ముప్పై ఏండ్ల సంది వస్తున్రు సార్. గిట్ల అంటరని అనుకోలే." రెండు రోజులు బండి తన దగ్గర ఉంచుకున్నాడు. బ్యాటరీ తీగ విప్పి, మధ్యలో మీటర్ పెట్టి, బండి పడుకున్నప్పుడు కరెంటు ఎంత తాగుతోందో చూశాడు. ఏమీ తాగడం లేదు. బుధవారం సాయంత్రం బండి తెచ్చి అప్పజెప్తూ అన్నాడు: "నా దగ్గర సుఖంగ పండుకుంటది సార్. మీ దగ్గరకొస్తెనే కూసుంటది. గీ ఆదివారం బండిల ఏం చేస్తరు జర చెప్పున్రి. డిక్కీ గిట్ల తెరుస్తరా?"

వరండాలో కుర్చీ వేసుకుని, కాలు స్టూలు మీద చాచి, మా ఆవిడ అక్కడే ఉంది.

"డిక్కీతో నాకేం పని భాయ్?" అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, కాస్త గట్టిగానే అన్నాను. భాయ్ తలూపి వెళ్లిపోయాడు.

ఆ డిక్కీ సంగతి ఇప్పుడు చెప్పక తప్పదు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. నేను కొంటాను. ఎప్పుడూ కొంటూనే ఉన్నాను. అటక మీది నా పుస్తకాలకు చెదలు పట్టి, అక్కడి నుంచి దిగి మా ఆవిడ పెళ్లినాటి పట్టుచీరల పెట్టెలో దూరిన రోజు, ఆమె నా కుడిచెయ్యి పట్టుకుని తన నెత్తిమీద పెట్టుకుంది. "నా మీద ఒట్టు, ఇగ ఒక్క పుస్తకం గుడ ఇంట్లకు తేను అనున్రి." అన్నాను. తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే నా పంతులు బుద్ధికి ఒక సందు దొరికింది. ఇంట్లోకి తేనన్నాను గానీ డిక్కీలోకి తేనని అనలేదు కదా! సమాసాన్ని విడదీసినంత సంబరపడ్డాను.

అలా ఏడాది నడిచింది. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి అబిడ్స్ నుంచి వచ్చేవాణ్ణి. సోమవారం మధ్యాహ్నం మా పాత బడికి వెళ్లి, గ్రంథాలయంలో ఒక ఖాళీ బీరువాలో పుస్తకాలన్నీ సర్దేసేవాణ్ణి. భాయ్ బండి ఉంచుకున్న ఆ సోమవారం కూడా, ఆయన బండి లేపాక ముందు బడికి వెళ్లి డిక్కీ ఖాళీ చేసుకొచ్చే అప్పజెప్పాను. ఈ మధ్యనే డిక్కీలోని చిన్న బల్బు తీయించి, బ్రేకు లైటుకు వేసే పెద్ద బల్బు వేయించాను. భాయ్ ఎందుకని అడుగుతాడని వేరే షాపులో వేయించాను. డిక్కీ దగ్గరే నిలబడి తిరగేస్తే నా కళ్లకు ఆ పాత అచ్చు కనపడాలి మరి.

ఆ అబద్ధానికీ బ్యాటరీకీ సంబంధం ఉంటుందని మాత్రం నాకు తట్టలేదు, నిజం. తట్టి ఉంటే ఆమెకు మూడో సోమవారం కూడా పోయేది కాదు. పోయింది. ఆ పొద్దున ఆమె బండి దాకా రాలేదు కూడా. మెట్ల మీదే ఆగి, "లేసిందా?" అని అడిగింది. నేను తాళం తీసి జేబులో వేసుకున్నాను. గోడ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కుతూ వెనక్కి వెళ్లిపోయింది.

నాలుగో ఆదివారం, పిలవకుండానే, సాయంత్రం ఐదింటికి భాయ్ వచ్చాడు. అన్ని మాటలు పడ్డ మనిషి. "అమ్మ కాలు యాదికొచ్చింది సార్" అన్నాడు. మీటర్ తగిలించాడు. ముల్లు వెంటనే లేచింది. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోయాడు. లోపలి లైట్ల ఫ్యూజు పీకగానే ముల్లు పడిపోయింది. తలుపులన్నీ చూశాడు, అన్నీ పడి ఉన్నాయి. వెనక్కి నడిచి డిక్కీ మీద చెయ్యి వేశాడు. తాళం తిప్పకుండానే అది చేతితో పాటు పైకి లేచింది. లోపల పెద్ద బల్బు ధగధగా వెలుగుతోంది. దాని కింద, దుప్పటి కప్పుకుని, ఆ పొద్దున్నే కొన్న పదకొండు పుస్తకాలు.

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. భాయ్ బల్బు వైపు చూశాడు, పుస్తకాల వైపు చూశాడు, తలెత్తి పైన మా పడకగది కిటికీ వైపు చూశాడు. మా ఆవిడ అక్కడికొచ్చి నిలబడింది.

"డిక్కీ తాళం జర లూజ్ ఉంది అమ్మా, గదే తక్లీఫ్" అని ఆమెకు వినపడేలా చెప్పి, గొంతు తగ్గించి నాతో అన్నాడు: "సగమే పడ్డది సార్. పాత బండి. దబ్బున ఏస్తెనే లాక్ పడి బల్బు బంద్ అయితది. గింత మెల్లగ ఎవలు ఏస్తరు?"

నేనే వేస్తాను. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఆ కిటికీ లోపల ఆమె పడుకుని ఉంటుంది. చప్పుడైతే లేచి చూస్తుంది. అందుకని రెండు చేతులతో, పసిపిల్లను పడుకోబెట్టినట్టు, డిక్కీ దించి అదిమేవాణ్ణి. బడి దగ్గర మాత్రం దబ్బున వేసేవాణ్ణి. భాయ్ షాపులో ఆయనా దబ్బునే వేసి ఉంటాడు.

భాయ్ నన్ను కాపాడి వెళ్లాడు. ఆ కాపాడటం నాకు గొంతు దిగలేదు. పైకి వెళ్లి ఆమెకు అంతా చెప్పేశాను. అబిడ్స్ చెప్పాను, బీరువా చెప్పాను, బల్బు చెప్పాను. పుస్తకాలెన్ని అని అడుగుతుందనుకున్నాను.

"ఎన్ని సోమవారాలు పోయినయి?" అంది.

"మూడు."

మోకాలి మీద చెయ్యి పెట్టుకుంది. "నా మీద ఒట్టేసిన్రు. నాకే తగిలింది చూడున్రి" అంది, నవ్వుతూ. తిట్టి ఉంటే బాగుండేది. నేను ఒట్లను నమ్మను. అయినా ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. దాచుకోకుండా ఏడ్చాను.

మర్నాడు బండి లేచింది. ఆమెను బషీర్‌బాగ్ తీసుకెళ్లి తెచ్చాక, భాయ్ షాపుకు వెళ్లి, చాయ్ తాగేవాళ్లు పోగయ్యేదాకా ఆగి, తప్పు నాది, బ్యాటరీ కొత్తదే, మనిషి పాతవాడు, నమ్మకస్తుడు అని గట్టిగా చెప్పాను. "జానేదో సార్, బైఠో" అని నాకూ ఒక చాయ్ చెప్పాడు. ఆ పెద్ద బల్బు తీసి చిన్నది వేశాడు.

రెండు నెలలూ అయిపోయాయి. కాలు చాలావరకు వంగింది. పీట మీద కూర్చునేంత మాత్రం వంగలేదు. ఆ మూడు సోమవారాల వల్లేనా అని అడిగితే, చెప్పలేం అన్నాడు డాక్టరు. నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇప్పుడు దేవుడి గదిలో ఒక కుర్చీ ఉంది. రోజూ ఆమె అందులో కూర్చుని ముందుకు వంగి దీపం పెడుతుంది. ఆ వేళకు నేను ఎక్కడున్నా లేచి వెళ్లి అగ్గిపెట్టె అందిస్తాను.

ఆ తర్వాత కొన్నాళ్లు నేను అబిడ్స్ వైపే పోలేదు. ఒక ఆదివారం ఆమే అంది: "ఇయ్యాల పోతలేరా?"

"పోను. ఒట్టు."

"ఇగ చాలు తీ మీ ఒట్లు! ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. పోన్రి."

వెళ్లాను. రెండింటికి ఒకే ఒక్క పుస్తకంతో తిరిగొచ్చాను. డిక్కీలోంచి దాన్ని తీసి, చంకలో పెట్టుకుని, ఎదురుగా పైన కిటికీ ఉన్నదని తెలిసీ, ఒంటిచేత్తో డిక్కీ వేశాను. లోపల మంచం కిర్రుమంది. ఒక కాలు నిదానంగా ఈడ్చుకుంటూ అడుగులు కిటికీ దాకా వచ్చాయి. ఆమె ముఖం కనపడలేదు, గొంతు మాత్రం వినపడింది.

"పడలే. ఇంకోసారి ఎయ్యున్రి."

ఇంకోసారి, దబ్బున వేశాను.