నాలుగు వందల ఎనభై దాకా

నా చిన్నప్పుడు నన్ను మా మేనత్త విసిగించినంతగా ఇంకెవరూ విసిగించలేదు. వాళ్లది పాల్వంచలో కంపెనీ క్వార్టర్. మామయ్య షిఫ్టుకు పోగానే ఆవిడ బాత్‌రూంను ఆక్రమించేది. కిటికీకి రెండు దుప్పట్లు, తలుపు సందుల్లో పాత చీరలు. పట్టపగలే కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి! తన కెమెరాతో తీసిన బ్లాక్ అండ్ వైట్ రీళ్లను అందులో కూర్చుని ఆవిడే కడిగేది. ఆ ఎండలకు కుళాయి నీళ్లు కాగిపోయేవి కాబట్టి, మందు కలపడానికి రంజన్ కుండలోని చల్లనీళ్లన్నీ ఆవిడకే. మేం నోరెండి చావాలి.

సెలవులకు వచ్చిన పదేళ్లదాన్నైన నాకు అప్పగించిన పని లెక్కపెట్టడం. చీకట్లో గడియారం కనిపించదు, కాస్త వెలుతురు పడినా ఫిల్మ్ పాడవుతుంది. ఆవిడ గిన్నెలోని మందులో ఫిల్మ్‌ను అటూ ఇటూ ఆడిస్తుంటే, నేను నిదానంగా నాలుగు వందల ఎనభై దాకా పైకి లెక్కపెట్టాలి. ముందే తీస్తే బొమ్మ సరిగా తేలదట. ఏం ఖర్మ!

ఆ రోజు రీల్లో, మేం ఖాలా (పిన్ని) అని పిలిచే పక్కింటి ముస్లిం ఆవిడ వాళ్లమ్మ ఫొటో ఉంది. గుమ్మంలో కూర్చోబెట్టి అత్త తీసిన వారానికే ఆ ముసలమ్మ కన్నుమూసింది. ఆమెకు ఇంకో ఫొటో అంటూ లేదు. ఖాలా పొద్దున్నే వచ్చి, "అక్కా, జర పైలంగ చెయ్యి. అమ్మ మొఖం మళ్ల యాడ చూస్త?" అని కళ్లొత్తుకుని పోయింది.

నేనూ విన్నాను. విని ఏం లాభం? ఉక్కపోత, మందు కంపు, ఒళ్లంతా చెమట. రెండు వందలయ్యాక ఓపిక చచ్చి మూడు వందలకు దూకేశాను. అత్త కిక్కురుమనలేదు. హమ్మయ్య అనుకున్నాను. నాలుగు వందల ఎనభై అని లేవబోతే, "కూసో. నీళ్లు సల్లగున్నయ్, ఇంకింతసేపు ఉండనియ్యాలె" అంది. ఈ పీడ ఎప్పుడు వదులుతుందిరా దేవుడా అని లోలోపల తిట్టుకున్నాను.

రెండు రోజులకు ఫొటో చేతికొచ్చింది. ముసలమ్మ ముడతలతో సహా నిక్షేపంగా వచ్చింది. ఖాలా దాన్ని గుండెకు హత్తుకుని ఏడ్చింది. నేను సిగ్గులేకుండా, "నేనే లెక్కపెట్టిన" అని గొప్పలు పోయాను. ఆమె వెళ్లాక అత్త, "వంద ఎగ్గొట్టినవ్. నేను లోపల లెక్కవెట్టుకుంటనే ఉన్న" అంది.

మరి నన్నెందుకు కూర్చోబెట్టావని ఉక్రోషంగా అడిగాను.

"నీ మీద ఇడిసిపెట్టొచ్చా అని సూసిన" అనేసి తన పనిలో పడిపోయింది.

తిట్టినా, నాలుగు తగిలించినా అక్కడితో పోయేది. అదీ చేయలేదు. ఆ సెలవుల్లో మళ్లీ నన్ను పిలవలేదు. తలుపేసుకుని ఒక్కతే లెక్కపెట్టుకుంటుంటే బయటికి వినిపించేది. పిలుస్తుందేమోనని తలుపు దగ్గరే తచ్చాడేదాన్ని.

ఆవిడ మీద ఆ మంట నాకింకా చల్లారలేదు. ఈ వయసులో కూడా ఎవరైనా ఏదో పని నాకప్పగించి మాట్లాడకుండా కూర్చుంటే, లోపల లెక్కపెట్టుకుంటున్నారేమోనని అనుమానం. ఒక్కటంటే ఒక్క అంకె ఎగ్గొట్టి చావలేను.