వదినకు అర్థం కాని లేజర్

మా వదినకు ఏ విషయమూ మొదటిసారి చెబితే అర్థం కాదు. వదినంటే మా ఆయన అక్క. ముప్పై ఏళ్లు ఆసుపత్రి ల్యాబ్‌లో మైక్రోస్కోప్‌కి కన్ను ఆనించి కూర్చున్న మనిషి. అయినా సరే, ఎదుటివాళ్లు మాట ముగించారో లేదో, "అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అంటుంది.

మా అమ్మ కంటి ఆపరేషన్ గురించి డాక్టరు చేత మూడుసార్లు చెప్పించింది. మా తోడికోడలు కారు నేర్చుకుంటుంటే వెనక సీట్లో కూర్చుని, నేర్పే ఆయన చేత క్లచ్ గురించి నాలుగుసార్లు చెప్పించింది. నాలుగోసారికి ఆయన బండి పక్కకి ఆపించి, "నేర్చుకునేది ఆవిడా, మీరా తల్లీ?" అని దణ్ణం పెట్టాడు.

అలాంటి మనిషిని లేడీ డాక్టరు దగ్గరికి తోడు తీసుకెళ్లాల్సి వచ్చింది నాకు. ఏడాదిలో ఐదోసారి యోనిలో ఈస్ట్ అనే ఫంగస్ ఇన్ఫెక్షన్. దురద, మంట, ఆఫీసులో కుదురుగా కూర్చోలేని బతుకు. మందు వాడితే తగ్గేది, నాలుగు రోజులు పోయాక మళ్లీ తగులుకునేది. నా శుభ్రతలోనే ఏదో లోపముందని లోలోపల కుమిలిపోయాను. లేజర్‌తో శాశ్వతంగా పోతుందని ఎక్కడో చదివి, చేయించుకుంటే అదే చేయించుకోవాలని పట్టుబట్టి వెళ్లాను.

డాక్టరమ్మ నోరు తిరగని మాటలతో లేజర్ గురించి చెప్పింది. నేను అంతా తెలిసినట్టు తలూపాను.

"అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అంది వదిన.

నాకు తల కొట్టేసినట్టయింది. డాక్టరమ్మ ఈసారి కాగితం మీద ఫంగస్ బొమ్మ గీసి మరీ చెప్పింది.

"ఊహూఁ."

మూడోసారి ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "చూడండమ్మా, ఈ జబ్బుకి లేజర్‌ని ఇంకా కొద్దిమంది మీదే పరీక్షించారు. కొందరికి తగ్గిందంటున్నారు. కానీ ఖాయంగా పనిచేస్తుందని నేను చెప్పలేను. ముందు అది ఏ రకం ఫంగసో టెస్ట్ చేయిద్దాం. అన్నిటికీ ఒకే మందు పనిచేయదు."

"మరి శుభ్రంగా లేకపోతేనే వస్తుందంటారు కదండీ?" వదిన అమాయకంగా అడిగింది.

"ఎవరన్నారు? శుభ్రంగా ఉన్నవాళ్లకీ వస్తుంది. ఇందులో ఈ అమ్మాయి తప్పేం లేదు."

"ఆ ముక్క మళ్లీ చెప్పండి."

డాక్టరమ్మ మళ్లీ చెప్పింది, ఈసారి నా వైపు తిరిగి. ఏడాదిగా గుండెల మీదున్న కుంపటి దించినట్టయింది నాకు.

టెస్టులో మామూలు మందుకి లొంగని రకమని తేలింది. మందు మారింది. ఎనిమిది నెలలైంది, హాయిగా ఉన్నాను. లేజర్ అవసరమే రాలేదు.

మొన్న వదినని నిలదీశాను. "జీవితమంతా ఆ ఫంగస్‌నే చూశారు కదా వదినా! అన్నీ తెలిసి, ఏమీ తెలియనట్టు కూర్చున్నారేంటి ఆ రోజు?"

"నాకు తెలుసని చెప్తే, మేమిద్దరం మా భాషలో మాట్లాడేసుకునేవాళ్లం. మధ్యలో నువ్వు గంగిరెద్దులా తలూపుతూ కూర్చునేదానివి. నీకు అర్థం కాకముందే నాకు అర్థమైపోతే ఎలాగే?"

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"అయినా ఆ డాక్టరమ్మ ఫంగస్‌ని అచ్చం బెండకాయలా గీసిందే!" అంది వదిన. "సరిదిద్దకుండా నోరు మూసుకుని కూర్చునేసరికి తలప్రాణం తోకకొచ్చిందనుకో."