పీటల మీద ఉండగా మోగిన ఫోను

ఇప్పుడు ఎవరిళ్ళలోనూ ల్యాండ్‌లైన్లు లేవు. అమెరికాలో నోవై అనే ఊళ్ళోని మా ఇంట్లో మాత్రం వంటగట్టు మీద, మైక్రోవేవ్ పక్కన, చాలాకాలం ఒకటుండేది. తెల్లటి కార్డ్‌లెస్ ఫోను, దాని కిందే ఆన్సరింగ్ మెషీను. మేం ఎత్తకపోతే నాలుగు రింగుల తర్వాత అది కుయ్‌మని, అవతలివాళ్ళు చెప్పేదంతా ఇల్లంతా వినబడేలా రికార్డు చేసుకునేది. మా అమ్మ ఇండియా నుంచి ఆ మెషీనుతోనే తగాదా పెట్టుకునేది. "ఏమే, ఇంట్లోనే ఉన్నావు కదూ? ఎత్తవే!" అని అరిచేది. ఆ కుయ్ అనే చప్పుడంటే నాకిప్పటికీ బెంగ.

అమ్మ ఒక్కతేనా, ఊరూ పేరూ తెలియనివాళ్ళంతా ఆ ఫోనుకే చేసేవాళ్ళు, అదీ సరిగ్గా అన్నాలు వడ్డించుకునే వేళకి. కార్పెట్లు కడుగుతామని ఒకడు, క్రెడిట్ కార్డు వడ్డీ తగ్గిస్తామని ఇంకొకడు. మా ఆయన మర్యాదస్తుడు. "సారీ సర్, నో థాంక్యూ సర్" అని అవతలివాడికి అయిదుసార్లు క్షమాపణ చెబితే గానీ పెట్టేవాడు కాదు. ఈలోగా చారు చల్లారిపోయేది. ఏడేళ్ళ మా అమ్మాయి "మామ్ ఈజ్ ఇన్ ద షవర్" అని రోజుకి మూడుసార్లు నాచేత స్నానం చేయించేది. నేను మాత్రం తెలుగులో అందుకునేదాన్ని. "ఏం నాయనా, భోంచేశావా? మీ వైపు వంకాయలు ఎలా ఇస్తున్నారు?" అంటే రెండు నిమిషాల్లో వాడే పెట్టేసేవాడు. ఈ విద్యలో నన్ను మించినవాళ్ళు లేరని కాస్త పొగరుగా కూడా ఉండేది. ఆ పొగరు అణగడానికి ఎన్నాళ్ళో పట్టలేదు.

రెండు వేల తొమ్మిది జనవరిలో మా ఆయన ఉద్యోగం పోయింది. కార్ల సీట్లకి విడిభాగాలు చేసే కంపెనీలో ఇంజనీరు. ఆ చలికాలం మా ఊళ్ళో ఉద్యోగాలు మంచు కంటే ఎక్కువగా రాలాయి. నాకు డే కేర్‌లో సగంపూట పని ఉంది కానీ, ఆ జీతం ఇంటి లోనుకి ఏ మూలకీ చాలదు. ఇంతకీ మేం చేసిన మొదటి పని ఏమిటంటే, ఎవరికీ చెప్పకపోవడం. మా ఆయన రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, లంచ్ బాక్సు పట్టుకుని లైబ్రరీకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళేవాడు. వీధిలో మనవాళ్ళు అయిదు కుటుంబాలున్నారు మరి. ఇల్లు పోతే పోతుంది, ముందు పరువు పోకూడదు. అప్పటి మా తెలివి అలా ఏడిచింది.

ఏప్రిల్‌లో ఒక ఫోనొచ్చింది. ఎప్పట్లాగే తెలుగులో అందుకుందామనుకున్నాను. కానీ అవతలి మనిషికి మా బ్యాంకు ఏదో తెలుసు, లోను ఎంతో తెలుసు. గొంతు తేనె. "బ్యాంకులు మీలాంటివాళ్ళ కాగితాల్లో తప్పులు చేశాయమ్మా, మీ తరఫున మేం క్లెయిమ్ వేస్తాం, ఎక్కువ పట్టిన వడ్డీ వెనక్కొస్తుంది, నెలవారీ కట్టేది సగానికి తగ్గుతుంది" అని ఇంగ్లీషులో తాపీగా వివరించాడు. ఫీజు మాత్రం ముందే కట్టాలట. ఆ తర్వాత బ్యాంకుకి పైసా కట్టొద్దట, వాళ్ళతో మాట్లాడొద్దట. "ఈ విషయం బయట ఎవరితోనూ అనకండి, మీ కేసుకి మంచిది కాదు" అని కూడా అన్నాడు. ఆ మాట నాకెంత హాయిగా తోచిందో! ఎవరికీ చెప్పకపోవడమేగా మేం చేస్తున్నది.

మూడు వారాల్లో ఆరుసార్లు చేశాడు. నేనూ ఎదురుచూడటం మొదలుపెట్టాను. మూడు నెలలుగా మా కష్టం గురించి ఇంట్లోవాళ్ళు కాకుండా నాతో మాట్లాడిన మనిషి వాడొక్కడే, దౌర్భాగ్యం. మా ఆయన "ఎందుకో నాకు డౌట్‌గా ఉందే" అంటే, "మీకు అన్నీ డౌట్లే, అందుకే ఇలా ఉన్నాం" అని నోరు పారేసుకున్నాను. ఆ మాటకి ఆయన ముఖం ఎలా అయిపోయిందో నాకు గుర్తే. దాచుకున్నదాంట్లోంచి ఫీజు మొత్తానికి బ్యాంకులో చెక్కు తీయించి తెచ్చాడు. సోమవారం పోస్టులో వేయాలి.

ఆ ముందు శనివారం వైశాఖ పౌర్ణమికి సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. పైకి పెళ్ళిరోజని చెప్పాం కానీ, అసలు మొక్కు ఉద్యోగం కోసం, ఇంటి కోసం. నేను చేసిన ఘనకార్యం వినండి. ఆ చెక్కు కవరుకి నాలుగు మూలలా పసుపు రాసి, కలశం వెనకాల, దేవుడి పటానికి ఆనించి పెట్టాను. పంపేముందు స్వామి ఆశీస్సు కూడా ఉంటే మంచిదని!

కర్పూరం వెలిగిస్తే మోగకుండా స్మోక్ అలారం బ్యాటరీ తీసేశాం. ఫ్యామిలీ రూములో దుప్పట్లు పరిచాం. ఇరవై మందికి పైగా వచ్చారు. పంతులుగారికి ఒంటిగంటకి ఇంకో ఇంట్లో గృహప్రవేశం ఉంది, కారులో సామానంతా సర్దుకునే వచ్చి, కథ గబగబా నడిపిస్తున్నారు. మా ఆయనా నేనూ కొంగుముడి వేసుకుని పీటల మీద కూర్చున్నాం. నాలుగో అధ్యాయంలో ఉండగా ఫోను మోగింది.

పీటల మీద కూర్చున్నాక మధ్యలో లేవకూడదు కదా. మోగి మోగి అదే ఊరుకుంటుందిలే అనుకున్నాను. మెషీను సంగతి మర్చేపోయాను. నాలుగు రింగులయ్యాయి. కుయ్ మంది. పంతులుగారు సహా అందరూ వినేలా ఆ తేనెగొంతు మొదలైంది. "హలో, మీ ఇంటి లోన్ ఫైల్ గురించి చేస్తున్నాను. ఫీజు మాకింకా అందలేదు. ఇంట్లో ఉద్యోగం లేదని మాకు తెలుసు, కానీ సోమవారమే ఆఖరు. ఇల్లు దక్కించుకోవాలంటే..."

నా చేతిలో అక్షింతలు చేతిలోనే ఉండిపోయాయి. మా ఆయన తల దించుకున్నాడు. లేచి వెళ్ళి ఆపుదామంటే కొంగుముడి. భూమి రెండుగా చీలితే బాగుండునని నిజంగా అనుకున్నాను. వాడు మాత్రం ఇంకా చెబుతూనే ఉన్నాడు.

అప్పుడు వెనక నుంచి ఒకావిడ లేచి, చకచకా వంటగదిలోకి వెళ్ళి మెషీను బటన్ నొక్కి ఆపేసింది. మా వీధి మలుపులో పెద్దిల్లు వాళ్ళది. వరంగల్ వైపు మనిషి. ఆవిడకీ నాకూ ముందునుంచీ పడదు. మా పులిహోర తిని "చింతపండు జర ఎక్కువైందండి" అని పదిమందిలో అంటే, నేను వాళ్ళ కొత్త గ్రానైట్ గట్టు చూసి "దీని మీద ఒత్తితే చపాతీలకి రుచి పెరుగుతుందా అండీ?" అని అడిగినదాన్ని. వాళ్ళాయనకి టెక్సస్‌లో ప్రమోషన్ వచ్చిందనీ, ఎండాకాలంలో వెళ్ళిపోతున్నారనీ విని, పోతే పోనీ అని కూడా అనుకున్నాను. అలాంటావిడ అందరి వైపూ తిరిగి, నవ్వుతూ, గట్టిగా అంది: "సారీ అండి, అది మా ఫోన్. మా లైన్ కట్ అయితే వీళ్ళ నంబరిచ్చినం. పంతులుగారూ, మీరు కానియ్యండి."

గదిలో గుసగుస లేచి అణిగింది. ఎవరో "అయ్యో" అన్నారు. పంతులుగారు అందుకున్నారు.

భోజనాలయ్యాక అందరూ వెళ్ళిపోయారు. ఆవిడ వెళ్ళలేదు. వంటగదిలోకి వచ్చి, మిగిలిన ప్రసాదం నా చేతిలోంచి లాక్కుని పెరుగు డబ్బాల్లోకి సర్దడం మొదలుపెట్టింది.

"పైసలు కట్టినవా?" అంది. అన్నాళ్ళూ మమ్మల్ని మీరు అనే మనిషి, మొదటిసారి నువ్వు అంది.

"లేదండీ. సోమవారం..."

"కట్టకు. మేం కట్టినం. ఫిబ్రవరిల. ఇదే గొంతు, ఇవే మాటలు. బ్యాంకుకు కట్టకుండ్రి అన్నడు, బంద్ జేసినం. అప్పటిసంది వాడు ఫోన్ ఎత్తుతలేడు. బ్యాంకోళ్ళు ఇల్లు తీసుకుంటున్నరు."

"మరి టెక్సస్‌లో ప్రమోషన్?"

"ఏం ప్రమోషన్! మా మరిది ఇంట్ల ఒక రూము ఖాళీ ఉంది."

"ముందే చెప్పొచ్చు కదండీ నాకు" అన్నాను, బుద్ధిలేనిదాన్ని.

"నువ్వు చెప్పినవా, మీ ఆయన జాబ్ పోయిందని?" అంది. డబ్బా మూత నొక్కుతూ, "మా పరువు వచ్చే నెల ఎట్లాగూ పోతది. అందరికీ తెలుస్తది. నీదెందుకు పోవాలె మధ్యల?" అంది. తర్వాత తనలో తనే నవ్వుకుంది. "వ్రతం నడుమ అబద్ధమాడిన. స్వామి ఏం జేస్తడో ఏమో. ఏం జేస్తడులే, ఉన్న ఇల్లు పాయె గదా!"

నేను నవ్వబోయి ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. "ఏడుస్తే ఏమొస్తది? సోమవారం నువ్వే బ్యాంకుకు ఫోన్ చెయ్యి. సిగ్గుపడకు, మేం సిగ్గుపడే మునిగినం" అంది.

సోమవారం పొద్దున్నే ఆ చెక్కు తీసుకుని బ్యాంకుకి వెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి పసుపు మరకల కవరు చూసి, మసాలా ఒలికిందా అని అడిగింది. అవునన్నాను. డబ్బు వెనక్కి వేయించి, అక్కడే నిలబడి, మా ఆయనకి ఉద్యోగం లేదని అమెరికాలో ఒక మనిషి ముఖం చూస్తూ మొదటిసారి పైకి చెప్పాను. అంతే, ఆకాశమేమీ విరిగి మీద పడలేదు. ఆ అమ్మాయి నెలవారీ తగ్గించమని అడిగే కాగితాలిచ్చింది, ఫీజు లేదు. పైసా తీసుకోకుండా సలహా చెప్పే ఆఫీసు ఒకటి ఉందని దాని చిరునామా కూడా ఇచ్చింది. మూడు నెలలు తిరిగాం. ఒకే కాగితాన్ని ఎన్నిసార్లు ఫ్యాక్స్ చేశామో లెక్కలేదు. చివరికి ఆగస్టులో నెలవారీ తగ్గించారు. ఇల్లు నిలిచింది.

అయితే ఈ మధ్యలో నేను చేసిన ఒక పని చెప్పాలి. జూన్‌లో ఒకరింట్లో పిల్లవాడి పుట్టినరోజు. ఆ వరంగల్ ఆవిడ రాలేదు. ఆడవాళ్ళం ఒక పక్కన చేరాం. "అంత చదువుకున్నారు, అంత పెద్దిల్లు, ఎవడో ఫోన్ చేస్తే నమ్మి డబ్బు పంపారట చూడండి" అంది ఒకావిడ. ఇంకొకావిడ నా వైపు తిరిగి, "మీ ఇంట్లోనే కదండీ ఆ ఫోనొచ్చింది?" అంది.

అందరూ నన్నే చూస్తున్నారు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. నేను "అవునండీ, పాపం" అన్నాను. ఇంకో మిరపకాయ బజ్జీ తీసుకున్నాను కూడా. ఇన్నేళ్ళయినా అది తలుచుకుంటే నాకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది.

ఆగస్టు చివర్లో ఆ పెద్దింటివాళ్ళు వెళ్ళిపోయారు. సాయానికి నేనూ మా ఆయనా తప్ప ఎవరూ రాలేదు. వస్తే ఏం మాట్లాడాలో తెలియక రాలేదేమోనని ఇప్పుడు అనుకుంటాను. మగవాళ్ళిద్దరూ ట్రక్కులో మంచాలు ఎక్కిస్తుంటే, ఖాళీ వంటగదిలో ఆవిడతో అంతా చెప్పేశాను, బజ్జీతో సహా. "ఇవాళే అందరికీ ఫోన్ చేసి చెబుతాను, ఆ కాల్ మాదేనని" అన్నాను.

"నోర్ముయ్" అంది. "ఇప్పుడు చెప్తే నా అబద్ధం దండగైతది. రెండిళ్ళల్ల ఒక్కటన్నా నిలిచింది గదా. నిలవనియ్యి."

ఆవిడ గ్రానైట్ గట్టుని ఒకసారి చేత్తో తుడిచింది, దుమ్మేం లేకపోయినా. బయటికొచ్చాం. ట్రక్కు స్టార్ట్ అయింది. గుమ్మం దగ్గర తాళంచెవి చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత నా చెయ్యి లాగి అందులో పెట్టింది.

"నువ్వెయ్యి. నాతోని కాదు" అంది, ఇంటివైపు చూడకుండా.

నేనే వేశాను. తాళంచెవి, బ్యాంకుకి పంపమని ఆవిడ ఇచ్చిన కవరులో పెట్టి అంటించాను. ట్రక్కు మలుపు తిరిగేదాకా నిలబడి, నాలుగిళ్ళు నడిచి, మా ఇంటి తలుపు తీసుకుని లోపలికెళ్ళాను.