ఎలుక జారాలని కోరుకున్న భానుశ్రీ

పంజాగుట్ట ఫ్లైఓవర్ వెనక సందులో ఉన్న చిన్న పరిశోధనశాలలో భానుశ్రీ చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. భీమవరం నుంచి కోచింగ్ కోసం వచ్చి, అమీర్‌పేట హాస్టల్లోనే ఉండిపోయిన మనిషి. ఎలుకల నడక గమనించడంలో తన తర్వాతే ఎవరైనా అని ఆమె నమ్మకం.

సిద్దిపేట నుంచి నవీన వచ్చి చేరాక ఆ నమ్మకానికి బీట పడింది. కొత్త ప్రయోగాన్ని డైరెక్టర్ జానకీదేవి నిన్నగాక మొన్న వచ్చిన ఆ పిల్లకే అప్పగించారు. మద్యం పట్టించిన ఎలుకను తిరిగే కడ్డీ మీద నిలబెడితే తూలి పడిపోతుంది; ఎంతసేపటికి పడిందో స్టాప్‌వాచీ నొక్కి కొలవాలి. ముందుగా విటమిన్ సి ఇస్తే ఆ తూలుడు తగ్గుతుందా అన్నది ప్రశ్న. తగ్గిందని నవీన లెక్క తేల్చింది. అందరి ముందూ జానకీదేవి భేష్ అనేసరికి భానుశ్రీ కడుపులో కుంపటి రాజుకుంది.

"ఏ ఎలుకకి ఏమిచ్చిందో నవీనకి తెలుసు కదండీ మేడమ్," అంది నవ్వు పులుముకుని. "విటమిన్ ఇచ్చినవి నిలబడాలని తనకే ఉంటుంది. పడ్డాక కాస్త ఆగి వాచీ నొక్కితే సరిపోతుంది."

నవీన మొహం పాలిపోయింది. "నేను గట్ల చెయ్యలే అక్కా."

జానకీదేవి నవీన లెక్కల కాగితాన్ని ఓసారి తిరగేశారు. "అడగాల్సిన ప్రశ్నే. వీడియోలు ఉన్నాయిగా. ఏది ఏదో తెలియకుండా గుర్తులు కప్పేసి ఇస్తాను. నువ్వే చూసి లెక్క కట్టు భానూ."

ఇంతకంటే ఏం కావాలి? మర్నాటి నుంచి భానుశ్రీ వీడియోల ముందు కూర్చుంది. చెవి చిరిగిన ఎలుక ఒకటి ఎంతకీ పడటం లేదు. "జారవే, జారు," అని గొణిగింది. అది విటమిన్ తిన్నదో కాదో తెలియదు. మోసం చేద్దామన్నా ఎటు చేయాలో తెలియదు. పడిన క్షణానే వాచీ నొక్కడం తప్ప దారి లేకపోయింది.

గుర్తులు విప్పారు. విటమిన్ ఇచ్చిన ఎలుకలే ఎక్కువసేపు నిలబడ్డాయి. నవీన లెక్కలో కంటే భానుశ్రీ లెక్కలో తేడా ఇంకా స్పష్టంగా ఉంది.

"ఇక ఎవరూ వేలెత్తి చూపలేరు," అన్నారు జానకీదేవి. "అయినా ఇది ఎలుకల సంగతే. మనుషుల దాకా చాలా దూరం."

బయటికొచ్చాక నవీన భానుశ్రీ చెయ్యి పట్టుకుంది. "నువ్వు చూసినవు కాబట్టే పని గట్టిగ నిలబడ్డది అక్కా. పేపర్ల నీ పేరు సుత పెట్టమని మేడంకు చెప్పిన."

ఓడిపోవడం కంటే ఆ మంచితనమే ఎక్కువ మంట పెట్టింది. "అక్కర్లేదు" అనబోయి, "సరేలే" అంది.

కొన్ని నెలలకు పంజాగుట్టలో మెట్రో ఎక్కుతుంటే, జర్నల్లో అచ్చయిన ఆ పరిశోధన పేపర్ ఫోన్‌లోకి వచ్చింది. మొదటి పేరు నవీనది, రెండోది తనది. భానుశ్రీ బొటనవేలితో మొదటి పేరు మూసి తన పేరే చూసుకుంది. అమీర్‌పేట రాకముందే వేలు తీసి, నవీనకు ఫోన్ చేసింది.

"వచ్చింది చూశావా? మన... మన పేపర్."